ట్రీట్‌మెంట్ అయిపోయింది కదా, మరి ఇంకా ఈ హడావుడి ఎందుకు?

సెప్టెంబరు వచ్చిందంటే పిల్లల క్యాన్సర్ అవగాహన నెల అని బంగారు రంగు రిబ్బన్ల పోస్టర్లు ఫోన్ల నిండా తిరుగుతాయి. చాలావాటిలో ఒకటే బొమ్మ: బోడిగుండు పాపో బాబో ఆస్పత్రి గోడకున్న గంట కొడుతుంటారు, చుట్టూ నర్సులు చప్పట్లు కొడుతుంటారు. ట్రీట్‌మెంట్ ముగిసిన రోజు గంట కొట్టడం 1996లో అమెరికాలో, హ్యూస్టన్‌లోని ఎం.డి. యాండర్సన్ క్యాన్సర్ సెంటర్‌లో మొదలైంది, తర్వాత చాలా దేశాలకు పాకింది. మంచి ఆనవాయితీ, నాకేమీ అభ్యంతరం లేదు. కాకపోతే ఆ ఫోటో చూసినవాళ్లంతా కథ అక్కడితో అయిపోయిందనుకుంటారు.

మా అక్కవాళ్లది అనంతపురం. బావకు మోటార్ వైండింగ్ షాపు. వాళ్ల చిన్నపాపకు అయిదేళ్ల వయసులో బ్లడ్ క్యాన్సర్ అని తేలింది. బెంగళూరులో రెండున్నరేళ్లు ట్రీట్‌మెంట్ నడిచింది, కిందటేడు శ్రావణమాసంలో ఆఖరి మాత్ర మింగింది. అప్పటినుంచి మా అక్కను చుట్టాలు, పక్కింటివాళ్లు, స్కూల్లో టీచర్లు, చివరికి మా అమ్మ కూడా తిప్పితిప్పి అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అంతా అయిపోయింది కదా, ఇంకా ఎందుకే ఇంత టెన్షన్?" అక్క ప్రతిసారీ జవాబు చెప్పలేక ఊరుకుంటుంది. చెప్పాలంటే చాలా ఉంది, నిలబడి చెప్పేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నా.

"తగ్గింది", "అయిపోయింది", "నయమైంది": ఈ మూడూ ఒకటి కాదు

గందరగోళం ఇక్కడే మొదలవుతుంది. పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే క్యాన్సర్ అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా, మనం మామూలుగా బ్లడ్ క్యాన్సర్ అనేదాంట్లో ఒక రకం. దీనికి ట్రీట్‌మెంట్ మొదలైన నెల, నెలన్నరలోనే చాలామంది పిల్లల్లో డాక్టర్లు "రిమిషన్ వచ్చింది" అంటారు. అంటే ఎముక మజ్జ తీసి మైక్రోస్కోప్ కింద చూస్తే క్యాన్సర్ కణాలు 5 శాతం కంటే తక్కువ ఉన్నాయని అర్థం. మా ఇంట్లో ఆ మాట వినగానే బావ స్వీట్లు పంచాడు, మర్నాడే డాక్టర్ ఇంకో రెండేళ్ల మందుల చార్టు చేతిలో పెట్టేసరికి ముఖం వాడిపోయింది. తగ్గిందంటూనే రెండేళ్లు మందులేంటి?

లెక్క చూస్తే తెలుస్తుంది. జబ్బు బయటపడేనాటికి పిల్ల ఒంట్లో క్యాన్సర్ కణాలు సుమారు లక్ష కోట్లు ఉంటాయని అంచనా. మైక్రోస్కోప్‌కు కనపడనంతగా తగ్గినా ఇంకా వంద కోట్ల నుంచి వెయ్యి కోట్ల దాకా మిగిలి ఉండొచ్చు. చేలో గరిక పైపైన కోసేస్తే చేను శుభ్రంగానే కనిపిస్తుంది, వేర్లు మాత్రం కిందే ఉంటాయి, వాన పడితే మళ్లీ లేస్తుంది. ఆ వేర్ల కోసమే మిగతా ట్రీట్‌మెంట్ అంతా. ఇప్పుడు ఎంఆర్‌డీ అనే పరీక్ష ఉంది, పదివేల కణాల్లో ఒక్క క్యాన్సర్ కణం మిగిలినా పట్టుకోగలదు, ఎవరికి మందుల ఘాటు పెంచాలో, ఎవరికి తగ్గించొచ్చో దాన్నిబట్టి చూస్తారు.

"అయిపోయింది" అనేది మందులకు సంబంధించిన మాట. చార్టులో రాసినవన్నీ పూర్తయ్యాయి, అంతే. "నయమైంది" అనే మాట వాడటానికి డాక్టర్లు చాలా వెనకాడతారు, ఎక్కువమంది అయిదేళ్లు గడిచేదాకా ఆగుతారు. ఇంక "మామూలైపోయింది" అని ఇంకో మాట ఉంది, అది డాక్టర్ల మాట కాదు, మనది. దానికి పరీక్ష లేదు, తేదీ లేదు. పక్కింటివాళ్లు అడిగేది ఈ మాట గురించి, అక్కకు తెలిసిందేమో రెండో మాట వరకే.

ఒక సంగతి ఇక్కడే చెప్పాలి. వైద్యం బాగా అందే దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా కోలుకుంటున్నారని, పేద, మధ్యస్థ ఆదాయ దేశాల్లో చాలాచోట్ల అది 30 శాతం లోపేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2030 నాటికి అన్నిచోట్లా కనీసం 60 శాతానికి తేవాలని 2018లో ఒక కార్యక్రమం కూడా మొదలుపెట్టింది. ఈ తేడాకు కారణం మన పిల్లల జబ్బు వేరు కావడం కాదు. ఆలస్యంగా కనిపెట్టడం, మధ్యలో ఇన్ఫెక్షన్లు, ట్రీట్‌మెంట్ సగంలో మానేయడం. ఎందుకు మానేస్తారో ఆస్పత్రికి రెండు వందల కిలోమీటర్ల దూరంలో బతికేవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

మాత్రలు ఆగిన రోజే ఒళ్లు కోలుకోదు

కీమో మందులు క్యాన్సర్ కణాలతోపాటు మంచి తెల్లకణాలనీ తగ్గిస్తాయి. మందు ఆపాక రక్తంలో అంకెలు కొన్ని వారాల్లోనే పైకొస్తాయి, రిపోర్టు చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. కానీ రోగాలను గుర్తుపట్టి పోరాడే శక్తి పూర్తిగా కుదుటపడటానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అందుకే మందులు ఆపేశాక కూడా ఒక రకం ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్ మాత్ర వారంలో రెండు మూడు రోజులు ఇంకొన్ని నెలలు వేయమంటారు. "మందులు అయిపోయాయన్నారు, మళ్లీ ఈ మాత్ర ఏంటి" అని మా అవ్వ అనుమానం. అది క్యాన్సర్ మందు కాదని చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది.

టీకాల సంగతి ఇంకా చిత్రం. చిన్నప్పుడు వేయించిన టీకాల వల్ల వచ్చిన రక్షణ కీమోలో చాలావరకు కరిగిపోతుంది. అందుకని చాలా టీకాలు మళ్లీ బూస్టర్‌గా వేస్తారు. తట్టు, రుబెల్లా టీకా లాంటివాటిలో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది కాబట్టి, వాటిని ఆఖరి కీమో అయ్యాక సుమారు ఆరు నెలలు ఆగి, డాక్టర్ సరేనన్నాకే వేస్తారు. ఆటలమ్మ టీకా ప్రభుత్వ టీకాల పట్టికలో లేదు, బయట కొనాలి. ఈలోగా బడిలో ఎవరికైనా "అమ్మవారు పోసింది" అంటే మన ఇళ్లలో వేపమండలు కట్టి ఊరుకుంటాం, ఈ పిల్లల ఇంట్లో మాత్రం అదే రోజు బెంగళూరుకు ఫోన్ వెళ్లాలి. ఆ పిల్ల పక్కన ఎంతసేపు కూర్చుందో, ఏ రోజు కూర్చుందో లెక్కపెట్టి చెప్పాలి, రక్షణ కోసం ఇచ్చే ఇంజెక్షన్‌కు గడువు రోజుల్లోనే ఉంటుంది.

జ్వరం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇంటి ప్రాణం తీసేది అదే. కీమో నడుస్తున్నన్నాళ్లు 100.4 డిగ్రీలు దాటితే అర్ధరాత్రైనా ఆస్పత్రికి పరుగెత్తడమే రూలు. తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనేవి 500 కంటే తగ్గినప్పుడు మామూలు ఇన్ఫెక్షన్ కూడా కొన్ని గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది కాబట్టి ఆ రూలు. రెండున్నరేళ్లు ఆ రూలుతో బతికిన తల్లి మందులు ఆపేసిన మర్నాటి నుంచి "మామూలు జలుబులే" అనుకోగలదా? మందులు ఎక్కించడానికి ఛాతీ దగ్గర చర్మం కింద పెట్టిన పోర్ట్ తీసేసి, కొన్ని నెలలు గడిచి, కౌంట్ (రక్తకణాల లెక్క) నిలకడగా ఉంటే డాక్టర్లు జ్వరాన్ని మిగతా పిల్లల జ్వరంలాగే చూడటం మొదలుపెడతారు. ఆ మార్పు ఎప్పటినుంచి అన్నది ఒక్కో ఆస్పత్రి ఒక్కోలా చెబుతుంది. మా అక్క పర్సులో ఇప్పటికీ థర్మామీటర్ ఉంటుంది. పెళ్లికి పట్టుచీర కట్టుకుని వచ్చినా ఉంటుంది.

మళ్లీ వస్తుందా?

ఇది ఎవరూ పైకి అడగరు. చుట్టాలు అక్క లేనప్పుడు నన్ను అడుగుతారు.

డాక్టర్లు చెప్పేది ఇది. ఈ రకం బ్లడ్ క్యాన్సర్ తిరగబెట్టేదైతే ఎక్కువగా మందులు ఆపిన తొలి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది, ఏడాది గడిచేకొద్దీ ఆ అవకాశం తగ్గుతూ పోతుంది, అయిదేళ్లు దాటాక అరుదు. చెకప్‌లు కూడా ఆ లెక్క ప్రకారమే ఉంటాయి: మొదటి ఏడాది నెలకో, నెలన్నరకో ఒకసారి, తర్వాత రెండు మూడు నెలలకు, ఆ తర్వాత ఆరు నెలలకు, చివరికి ఏడాదికి ఒకసారి. చెకప్‌లు దూరమవుతున్నాయంటే ప్రమాదం తగ్గుతోందని అర్థం. ఇంట్లోవాళ్లకు మాత్రం అది తలకిందులుగా అనిపిస్తుంది. నెలనెలా చూసినప్పుడు ఎవరో కాపలా ఉన్నట్టుండేది, ఇప్పుడు మూడు నెలలు రమ్మనకపోతే చేయి వదిలేసినట్టుంది అని అక్క అంటుంది. రిపోర్టు వచ్చేముందు వారం ఇంట్లో ఎవరూ సరిగా తినరు. మోకాలి మీద చిన్న నల్లమచ్చ కనిపిస్తే అది మంచం కోడు తగిలి కమిలిందా, ప్లేట్‌లెట్స్ పడిపోయాయా అని టార్చ్ వేసి చూస్తారు. పిల్ల ఆటలో పడిందని తెలిసినా చూస్తారు.

దీనికి రెండు వాదనలున్నాయి. ఎక్కువ పరీక్షలు చేయిస్తే ముందే దొరుకుతుంది కదా, వారంవారం రక్తం తీయిస్తే పోలా అనేది ఒకటి. లక్షణాలు లేని పిల్లలకు ఊరికే పరీక్షలు పెంచితే వైరల్ జ్వరానికి మారిన అంకెలు కూడా భయపెడతాయి, పిల్లకు సూది, ఇంటికి నిద్రలేమి తప్ప లాభం పెద్దగా లేదనేది రెండోది. డాక్టర్లు ఎక్కువగా రెండోవైపే ఉంటారు. మొదటివైపు ఉన్న తల్లిదండ్రులను నేను తప్పు పట్టలేను. అసలు జబ్బు బయటపడినప్పుడు "కాల్షియం తక్కువ, కాళ్ల నొప్పులు వాటంతటవే పోతాయి" అని ఒకచోట మూడు వారాలు టానిక్ రాసి పంపిన అనుభవం మా ఇంట్లోనే ఉంది. ఒకసారి అలా జరిగాక "ఏం కాదులే" అనే మాటను నమ్మడం కష్టం.

ఏళ్ల తర్వాత కనిపించేవి: గుండె ఉదాహరణ

మందు ఆగిపోయినా దాని ప్రభావం కొన్ని అవయవాల మీద ఏళ్ల తర్వాత బయటపడొచ్చు. ఏ మందు ఎంత పడిందన్నదే ఇక్కడ కీలకం. విన్‌క్రిస్టిన్ వల్ల పాదాల నరాలు నీరసించి నడకలో కాలు జారినట్టు పడుతుంది, చాలామందికి నెలల్లో సర్దుకుంటుంది. సిస్‌ప్లాటిన్ అయితే వినికిడి, ఐఫాస్ఫమైడ్ అయితే కిడ్నీలు, స్టెరాయిడ్లు అయితే ఎముకలు, ముఖ్యంగా పదేళ్లు దాటిన పిల్లల్లో తుంటి, మోకాలి నొప్పులు. తలకు రేడియేషన్ పడితే ఎదుగుదల, చదువు. ఇవన్నీ అందరికీ వస్తాయని కాదు, ఎవరికి ఏది చూడాలో తెలిసి ఉండాలని.

గుండె లెక్క ఒకటి వేసి చూద్దాం. డాక్సోరుబిసిన్ అనే ఎర్రమందు గుండె కండరాన్ని బలహీనపరచగలదు. డోసును ఒంటి వైశాల్యం ప్రకారం, చదరపు మీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని లెక్కిస్తారు. ఒక పిల్లకు 25 చొప్పున ఆరుసార్లు పడిందనుకుందాం, మొత్తం 150. ఎముక క్యాన్సర్ వచ్చిన ఇంకో పిల్లాడికి 75 చొప్పున ఆరుసార్లు పడింది, మొత్తం 450. అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం 100 నుంచి 250 లోపు ఉన్నవాళ్లకు సుమారు అయిదేళ్లకోసారి, 250 గానీ అంతకంటే ఎక్కువ గానీ పడినవాళ్లకు రెండేళ్లకోసారి గుండె ఎకో (స్కాన్) తీయాలి, అదీ పెద్దయ్యాక కూడా. ఛాతీకి రేడియేషన్ కూడా పడితే లెక్క మారుతుంది. ఇద్దరూ బయటికి ఒకేలా గంతులేస్తుంటారు, ఇద్దరికీ "ట్రీట్‌మెంట్ అయిపోయింది". కానీ ముందున్న దారి వేరు.

ఈ తేడా తెలియాలంటే ఏ మందు ఎంత పడిందో రాసిన కాగితం ఉండాలి. ట్రీట్‌మెంట్ సమ్మరీ అంటారు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ పిల్ల కాన్పుకు వెళ్తే అక్కడి డాక్టర్‌కు పనికొచ్చేది ఈ కాగితమే. మా అక్క దాన్ని ఇంటి పత్రాలతోపాటు ఇనప్పెట్టెలో పెట్టింది, ఫోటో తీసి నాకూ పంపింది.

ఒక నెలలో ఇంటి మీద పడే పని

ఇక అసలు హడావుడి. కిందటి కార్తీకమాసం అక్క ఇంట్లో ఎలా నడిచిందో చెబుతా. మొదటి సోమవారం దగ్గర్లోని ల్యాబ్‌లో రక్తపరీక్ష, సాయంత్రానికి రిపోర్టు బెంగళూరు నర్సుకు వాట్సప్. గురువారం చెకప్. రెండు వందల కిలోమీటర్లకు పైనే, తెల్లవారుజామున బయల్దేరితే ఓపీ చీటీ, క్యూ, డాక్టర్ అన్నీ అయ్యేసరికి సాయంత్రం, ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి. ఆ రోజు షాపు మూత. అదే వారం ఊళ్లో మూడెకరాల చెనక్కాయ పీకాలి, కూలోళ్లు దొరికేది ఆ రెండు రోజులే, అక్కవాళ్ల మామ ఒక్కడే చూసుకోలేడు. పెద్దోడికి పరీక్షలు. చిన్నదానికి కీమో వల్ల పాలపళ్ల కింద పళ్లు సరిగా రాలేదేమోనని పళ్ల డాక్టర్. రోజూ రాత్రి పాదాలకు ఎక్సర్‌సైజులు, మునివేళ్ల మీద ఇరవైసార్లు లేవాలి, పిల్ల పన్నెండుకే ఏడుస్తుంది. మధ్యలో బావ షాపుకు రెండు బోరు మోటార్లు వచ్చాయి, నీళ్లు లేక పైరు ఎండుతోందని రైతులు గుమ్మం దగ్గరే కూర్చున్నారు.

ఇందులో ఏ పనీ విడిగా పెద్దది కాదు. ట్రీట్‌మెంట్ నడిచేటప్పుడు అందరూ వచ్చి తలో చేయి వేశారు. అన్నం వండి పంపారు, చేను చూశారు, పెద్దోణ్ని వాళ్లింట్లో పెట్టుకున్నారు. మందులు ఆగాయనగానే ఆ చేతులన్నీ వెనక్కి వెళ్లిపోయాయి. వాళ్ల తప్పు కాదు, ఎవరి బతుకు వాళ్లకుంది. కానీ పని సగమే తగ్గింది, సాయం మొత్తం తగ్గింది. మనం చూడనిది ఈ తేడానే.

కర్నూలువాళ్లకు హైదరాబాద్, కడపవాళ్లకు తిరుపతో వేలూరో, మాకు బెంగళూరు. ఊరు మారుతుందేమో గానీ బస్సులో ఒళ్లో పడుకున్న పిల్ల, కాళ్ల దగ్గర ఫైళ్ల సంచి మాత్రం అందరిదీ ఒకటే.

అప్పు లెక్క

2007లో ఆరోగ్యశ్రీని ప్రయోగంగా ముందు మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఇప్పుడది డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. ఆ పథకం లేకపోతే మన జిల్లాల్లో చాలామంది పిల్లలకు ట్రీట్‌మెంటే ఉండేది కాదు. అయితే అది ప్రధానంగా చూసేది ఆస్పత్రి ఖర్చు. షాపు మూసిన రోజులు, బెంగళూరులో గది అద్దె, అక్క వదిలేసిన ఉద్యోగం దాని లెక్కలోకి రావు.

లక్షన్నర బయట తెచ్చారనుకోండి, నూటికి రెండు రూపాయల వడ్డీ. నెలకు మూడు వేలు, ఏడాదికి ముప్పై ఆరు వేలు, రెండున్నరేళ్లకు తొంభై వేలు. అసలు అలాగే ఉంటుంది. ట్రీట్‌మెంట్ అయిపోయేనాటికి జబ్బు వెనక్కి తగ్గితే అప్పు ముందుకొచ్చి నిలబడుతుంది, అప్పులోళ్లు కూడా అప్పటిదాకా పిల్లను చూసి ఆగినవాళ్లే. "ఇప్పుడు పాప బాగుంది కదన్నా" అని మెల్లగా అడుగుతారు. అందుకే చాలా ఇళ్లలో మందులు ఆగిన తర్వాతి ఏడాదే తండ్రి రాత్రిదాకా షాపులోనో, లారీ మీదో ఉండిపోయేది.

తెలియక వదిలేసుకునే సాయం ఒకటుంది. ఆస్పత్రి ఇచ్చే సర్టిఫికెట్‌తో క్యాన్సర్ పేషెంట్‌కు రైల్లో స్లీపర్, థర్డ్ ఏసీ టికెట్ పూర్తిగా ఉచితం, వెంట వెళ్లే ఒకరికి 75 శాతం రాయితీ. ఇది ట్రీట్‌మెంట్‌కే కాదు, చెకప్‌ల ప్రయాణానికీ వర్తిస్తుంది. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ విషయంలో మాత్రం గందరగోళం ఉంది. క్యాన్సర్ వచ్చిందన్న కారణంతో అది రాదు. జబ్బు వల్ల కాలు తీసేయాల్సి వచ్చినా, చూపు పోయినా, వినికిడి బాగా దెబ్బతిన్నా ఆ లోపానికి వస్తుంది, చాలా సౌకర్యాలకు అది 40 శాతమైనా ఉండాలి.

బడికి ఎప్పుడు, ఏ క్లాసులోకి?

ఇంట్లో రెండు వర్గాలయ్యాయి. అవ్వది, మామది ఒకటే మాట: ఇంకో ఏడాది ఇంట్లోనే ఉండనీ, చదువు ఎక్కడికీ పోదు, ఆరోగ్యం ముఖ్యం. బావ మాట వేరు: తోటి పిల్లలు మూడో తరగతికొచ్చారు, ఇంకా ఆపితే పిల్ల తనను తాను రోగిష్టిదనుకుంటుంది. రెండింట్లోనూ నిజముంది. కౌంట్ బాగుంటే బడికి పంపడమే మంచిదని పిల్లల క్యాన్సర్ డాక్టర్లు ఎక్కువమంది అంటారు, స్నేహితులు, ఆట, హోంవర్కు కూడా కోలుకోవడంలో భాగమే అని వాళ్ల ఉద్దేశం. జూన్, జూలైలో బడి తెరవగానే వచ్చే జ్వరాల భయం అవ్వది, దాన్నీ కొట్టిపారేయలేం. ఆరో నెల చెకప్ అయ్యాక, మధ్యాహ్నం వరకే పంపుతూ మొదలుపెట్టారు.

తరగతి విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి దూరమైన పిల్లలను వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, వెనకబడినదానికి ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. ఆచరణలో మాత్రం మా పాపను మొదట్లో ఒంటరిగా చివరి బెంచీలో కూర్చోబెట్టారు, మిగతా పిల్లల తల్లిదండ్రులు "అంటుకుంటుందేమో" అన్నారట. అంటుకోదు. క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి గాలితోనో, తాకిడితోనో, ఎంగిలితోనో వచ్చే జబ్బు కాదు. జాగ్రత్త అవసరమైంది మన పిల్లల జలుబు ఆమెకు అంటకుండా.

ఇంకో సంగతి టీచర్లకూ తెలియదు. వెన్నులోకి ఎక్కించే మందుల వల్ల కొందరు పిల్లల్లో తెలివి తగ్గదు గానీ వేగం తగ్గుతుంది. మా పాప ఎనిమిదో ఎక్కం తప్పు లేకుండా చెబుతుంది, కాకపోతే ఎనిమిదేళ్లు యాభై ఆరు దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది, పైకి చూస్తూ పెదవులు కదుపుతుంది, తర్వాత చెబుతుంది. డిక్టేషన్‌లో మూడో మాట రాసేలోపు టీచర్ అయిదో మాటకు వెళ్లిపోతుంది. పేపరు చూస్తే రెండు మాటలు లేవు, అదే మాటలు ఇంట్లో అడిగితే గుణింతంతో సహా సరిగ్గా రాస్తుంది. పరీక్షలో పది నిమిషాలు ఎక్కువిస్తే సరిపోయే చోట "మొద్దు" అనే పేరు పడిపోతుంది.

పేరు చెప్పాలా, దాచాలా?

మన దగ్గర ఆడపిల్లకు క్యాన్సర్ వచ్చిందంటే మొదట వచ్చే మాట "రేపు పెళ్లికి అడ్డమొస్తుంది". అందుకే చాలా ఇళ్లలో "రక్తహీనత", "మెదడువాపు జ్వరం" అని చెప్పుకుంటారు. దాచేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, ఊరి నోరు ఎలాంటిదో వాళ్లకు తెలుసు. పిల్లల క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి చాలా కొద్ది. మామూలు బ్లడ్ క్యాన్సర్ ట్రీట్‌మెంట్ తీసుకున్న ఆడపిల్లల్లో ఎక్కువమందికి పిల్లలు పుట్టడానికి ఇబ్బంది ఉండదు. కొన్ని మందులు పెద్ద డోసుల్లో పడినా, కడుపుకు రేడియేషన్ పడినా అది వేరే సంగతి. అసలు చిక్కు ఏంటంటే, ఊరికి దాచే ఇంట్లో పిల్లకూ దాస్తారు. పదిహేనేళ్లకు ఆ పిల్ల ఎందుకు ఎకో తీయించుకోవాలో ఎవరు చెబుతారు? ఊరికి ఎంత చెప్పాలన్నది ఇంటి ఇష్టం, పిల్లకు మాత్రం వయసు పెరిగేకొద్దీ కొంచెం కొంచెంగా అసలు పేరుతోనే చెప్పాలన్నది డాక్టర్ల మాట, నేనూ దానివైపే.

ఇంట్లో మిగతావాళ్లు

పెద్దోడికి పన్నెండేళ్లు. చెల్లెలు ఆస్పత్రిలో ఉన్న రెండున్నరేళ్లలో ఎక్కువ కాలం మా ఇంట్లో పెరిగాడు, ఒక్కసారి కూడా ఏడవలేదు, అందరూ "ఎంత బుద్ధిమంతుడో" అన్నారు. చెల్లెలు ఇంటికొచ్చి బాగయ్యాక మొదలైంది కోపం. "మీకు అది ఉంటే చాలు" అని ఉగ్గాని ప్లేటు తోసేశాడు ఒకరోజు. తోబుట్టువుల్లో ఇది ఇలా ఆలస్యంగా రావడం మామూలే. ఇంట్లో ప్రమాదం ఉన్నంతసేపు పిల్లలు తమ బాధ పక్కన పెట్టేస్తారు, ఇప్పుడు అడగొచ్చు అనిపించాకే అడుగుతారు. తల్లిదండ్రులూ అంతే. ట్రీట్‌మెంట్ మధ్యలో రాయిలా నిలబడ్డ తల్లికి అంతా అయిపోయాక నిద్ర పట్టకపోవడం, ఆస్పత్రి స్పిరిట్ వాసన తగిలితే గుండె దడ రావడం జరుగుతుంది. యుద్ధం నుంచి వచ్చిన సైనికుల్లో కనిపించే మానసిక గాయం లాంటి లక్షణాలే ఈ తల్లిదండ్రుల్లో కొందరిలో కూడా కనిపిస్తాయని మానసిక వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. దానికీ వైద్యం ఉంది.

రాత్రి తొమ్మిదికి మాత్ర వేయాలని అక్క ఫోన్లో అలారం పెట్టుకుంది. మాత్రలు ఆగిన రాత్రి కూడా అది మోగింది. అక్క చేయి దానంతటదే అల్మరాలోని స్టీలు డబ్బా మీదికి వెళ్లింది, మూత తీసి, ఖాళీ డబ్బా చూసి, మళ్లీ మూత పెట్టింది. అలారం తీసేయడానికి మూడు వారాలు పట్టింది.

తలనీలాల మొక్కు

చివరిది, అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగింది. పిల్ల బతికితే తిరుమలలో తలనీలాలు ఇప్పిస్తానని అవ్వ ఆస్పత్రి వరండాలోనే మొక్కుకుంది. మందులు ఆగాక పాపకు జుట్టు మెత్తగా, కొంచెం ఉంగరాలు తిరిగి వచ్చింది, ఎనిమిది నెలలకు రెండు పిలకలు వేసేంత అయింది. అప్పుడు అవ్వ మొక్కు గుర్తుచేసింది. పిల్ల రెండు చేతులతో తల పట్టుకుని మంచం కిందకు దూరింది.

వైద్యం వైపు నుంచి చూస్తే కౌంట్ తక్కువగా ఉన్నప్పుడు కత్తి గాటుతో ఇన్ఫెక్షన్ భయం, కోలుకున్నాక గుండు వల్ల నష్టం ఏమీ లేదు. కాబట్టి డాక్టర్ తేల్చే ప్రశ్న కాదిది. దేవుడి బాకీ ఉంచుకుంటే ఎట్లా, ఆయనే కదా ఇచ్చింది అనేది అవ్వ న్యాయం, దాంట్లో ఆమె రెండున్నరేళ్ల భయమంతా ఉంది. ఒకసారి తన ప్రమేయం లేకుండా జుట్టు పోగొట్టుకున్న పిల్లకు ఇది మళ్లీ అదే జరుగుతున్నట్టు అనిపిస్తుందనేది అక్క మాట. ఆడవాళ్లు మూడు కత్తెర్లు ఇస్తారు కదా, అలా ఇద్దామని బావ మధ్యేమార్గం చెప్పాడు. నెలరోజులు నలిగింది.

చివరికి అవ్వే తేల్చింది, మొక్కింది నేను కాబట్టి నేనే ఇస్తానంది. అందరూ కలిసి వెళ్లారు. కల్యాణకట్ట నుంచి గుండుకు గంధం పూసుకుని బయటికి వచ్చిన అవ్వ తలను పాప అరచేత్తో మెల్లగా నిమిరి చూసింది. "మొదట దిండుకు గుచ్చుకుంటుంది అవ్వా, తర్వాత మెత్తగా వస్తుందిలే" అని చెప్పింది.